వంట సులువు చేసుకోకండి

పిల్లాడి సివిల్స్ చదువు కోసం ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఇల్లు తీసుకుని సామాను దింపామో లేదో, సలహాలు మొదలవుతాయి. టిఫిన్ సర్వీసు పెట్టించుకోండి, వేళకి డబ్బా గుమ్మంలోకి వస్తుంది. ఆదివారం ఒక్కపూట కూర్చుని వారానికి సరిపడా కూరలు చేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పిల్లాణ్ని మాత్రం వంటింటి వైపు రానివ్వకండి, వాడికి ప్రతి నిమిషం బంగారం. చెప్పేవాళ్లంతా మన మంచి కోరే చెబుతారు. అయినా ఒక్కటీ వినొద్దంటాను. ఇక్కడున్నన్నాళ్లూ రోజూ వండండి, రెండు పూటలా వండండి, కాస్త కష్టమైన పద్ధతిలోనే వండండి. చదివే పిల్లల చేత కూడా పని చేయించండి.

ఎందుకంటే ఈ పేట సంగతి అలాంటిది. బడా బజార్ మార్గ్‌లో నాలుగడుగులు వేస్తే చాలు. ఫొటోస్టాట్ కొట్ల ముందు నోట్సు కట్టలు, గోడల నిండా ర్యాంకర్ల బొమ్మలు, సీటు ఇంతని నెలకి అద్దెకిచ్చే లైబ్రరీలు. 1947 తర్వాత పశ్చిమ పంజాబ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు స్థిరపడిన చోటు ఇది. వాళ్ల చిన్న చిన్న ఇళ్ల స్థలాల్లో ఇప్పుడు మూడు నాలుగు అంతస్తులు లేచాయి. ఆ అంతస్తుల నిండా మన పిల్లల్లాంటి పిల్లలే. ఎవరిని పలకరించినా ఇవాళ ఎన్ని గంటలు చదివారో చెబుతారు. ఇల్లంతా గడియారం చుట్టూ తిరిగేటప్పుడు, గడియారం ఊసెత్తని చోటు ఒకటి ఇంట్లోనే ఉండాలి. వంటిల్లే ఆ చోటు.

అందుకని ఇల్లు చూసేటప్పుడు కోచింగ్‌కి ఎంత దూరమని అడగొద్దు. వంటింటికి కిటికీ ఉందా, అది తెరుచుకుంటుందా, ముందు అది చూడండి. పది నిమిషాలు ఎక్కువ నడిస్తే నష్టమేమీ లేదు. అద్దె తక్కువని నేల కింది గదికి ఒప్పుకోకండి, వంటకైనా, పడకకైనా, చదువుకైనా. 2024 జూలై 27న ఈ పేటలోనే ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వరదనీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గాలీ వెలుతురూ రాని గది ఎంత దగ్గర్లో ఉన్నా మనకొద్దు.

పిల్లల చేత కూరలు తరిగించమంటే తల్లులు నా మీద కోప్పడతారు. ప్రిలిమ్స్ వారంలో కూడానా? ఆ వారంలో ఇంకా తప్పనిసరిగా. చలికాలం ఇక్కడ చిక్కుడుకాయలు బాగా వస్తాయి, బండివాడు సేమ్ అంటాడు. అరకిలో తెచ్చి పీట మీద పోసి, ఎదురుగా కూర్చుని ఈనెలు తీయమనండి. "టెస్టు ఎలా రాశావు నాన్నా?" అని మొహం మీద అడిగితే "బానే రాశా" అని గదిలోకి వెళ్లిపోయే కుర్రాడు, పదో కాయ ఈనె లాగుతూ తల ఎత్తకుండానే చెబుతాడు:

"అమ్మా, ఈసారి డెబ్భై ఎనిమిదే వచ్చాయి."

"ఊఁ. ముదురు గింజలు పారేయకు, ఇటు వెయ్యి. కూరలోకి బాగుంటాయి."

అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకండి. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది. ఆ అరగంటలో పోయిన పాలిటీ అధ్యాయం రాత్రి చదువుకోవచ్చు. ఆ మాట మాత్రం రాత్రికి మళ్లీ బయటికి రాదు.

బియ్యం దగ్గర రాజీ పడొద్దు. పేటకి పక్కనే పూసా ఉంది. 1934 భూకంపానికి బీహార్‌లోని పూసాలో దెబ్బతిన్న వ్యవసాయ పరిశోధన సంస్థను 1936లో ఢిల్లీకి తెచ్చి, ఆ పేరుతోనే నిలబెట్టారు. ఉడికితే రెట్టింపుకు మించి పొడవు సాగే పూసా బాస్మతి 1121 అక్కడ పుట్టిందే. గొప్ప వంగడం, కాదనను. పలావుకి, రాజ్మాకి దాన్ని మించింది లేదు. కానీ పప్పు కలిపితే దేని దారి దానిదే, ముద్ద కట్టదు. మనకి కావలసింది బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి, మనం బీపీటీ అని పిలుచుకునేది. ఊరి నుంచి వచ్చే ప్రతివాళ్ల చేతా తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో ఒక సంచీ తెప్పించుకోండి. సంచీ మోసుకు రావడం దండగని నవ్వేవాళ్లని నవ్వనివ్వండి.

ఇక పప్పు. కుక్కర్‌ని తీసి అటక మీద పెట్టేయండి. కందిపప్పు గంటసేపు నానబెట్టి, మూత వారగా పెట్టిన గిన్నెలో, సన్న సెగ మీద ఉడికించండి. ముప్పావుగంట పడుతుంది, గ్యాస్ కూడా ఎక్కువే అవుతుంది. అయినా అదే చేయండి. పొంగకుండా చూడాలి, నురుగు తీయాలి, నీళ్లు తగ్గితే మళ్లీ వేడినీళ్లు పోయాలి. అంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గర ఉండి తీరాలి. మనిషి ఉన్న వంటింట్లోకే పిల్లలు వచ్చి నిలబడతారు. ఎంత ఉడికించినా పప్పు పలుకుగానే ఉంటోందంటే నీళ్ల వంక చూడండి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. గింజ కణాల్ని అంటిపెట్టుకుని ఉండే పెక్టిన్‌ని అవి గట్టిపరుస్తాయి. పప్పుకి మాత్రం తాగే ఫిల్టర్ నీళ్లే పోయండి. చింతపండు పులుసు పప్పు పూర్తిగా మెదిగాకే వేయాలి, పులుపు కూడా ఆ పెక్టిన్‌ని కరగనివ్వదు.

గోంగూర కోసం ఢిల్లీ అంతా తిరగకండి. చలికాలం బండి మీద బథువా పేరుతో గుట్టలుగా పోసేది మన చక్రవర్తి కూరే. ఎండాకాలం కుల్ఫా అడగండి, గంగవాయల కూర ఇస్తాడు. రెండూ పప్పులో కమ్మగా ఉంటాయి. తోరీ అంటే చాలాసార్లు నేతిబీరే చేతికొస్తుంది, దాంతో బజ్జీలు వేసుకోవచ్చు, పచ్చడీ చేసుకోవచ్చు.

పోపు ఘాటుకి మొహమాటపడి ఎండుమిర్చి మానేయొద్దు. ఈ ఇళ్లకి మధ్యలో ఉండే సన్నటి గాలిగొట్టం లాంటి సందులోంచి ఆ ఘాటు మూడంతస్తులూ ఎక్కుతుంది, పై వాళ్లు దగ్గుతారు, నిజమే. మూత వేసి, సెగ తగ్గించి, కిటికీ తీసి వేయండి. పొడుల కోసం మిర్చి వేయించే రోజు మాత్రం ముందే మెట్లెక్కి ఇంటి ఆంటీజీకి ఒక మాట చెప్పి రండి. వెళ్లేటప్పుడు వట్టి చేతులతో వెళ్లొద్దు, ఇంట్లో చేసిన మఫిన్లు పట్టుకెళ్లండి. మఫిన్లు ఎందుకు చేయాలంటే ముందు ఇందుకు.

మఫిన్ సంగతిలో నా సలహా ఇంకా మొండిది. దానికి ఆరోగ్యం అంటగట్టకండి. రాగిపిండి, ఓట్లు, ఖర్జూరం గుజ్జు వేసి, పంచదార తగ్గించి, చదువుకునే పిల్లలకి బలం అని పెట్టకండి. బలానికి పప్పుంది, పెరుగుంది. రాగులు తినాలనిపిస్తే సంకటి చేయండి, అంబలి కాయండి, వాటికి వచ్చిన లోటేమీ లేదు. మఫిన్ మాత్రం మైదాతో, పంచదారతో, వెన్నతో మఫిన్‌లాగే చేసి పెట్టండి. ప్రతి ముద్దా పరీక్షకి పనికొచ్చేదే అయితే, తినడం కూడా సిలబస్‌లో ఒక భాగమైపోతుంది.

గుడ్డు అక్కర్లేదు. కొందరు ఇంటివాళ్లు గుడ్డు గుమ్మం దాటనివ్వరు కూడా. మైదా 200 గ్రాములు, పంచదార 130, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంటసోడా అర చెంచా, చిటికెడు ఉప్పు, దంచిన యాలకులు నాలుగు. ఇవన్నీ ఒక గిన్నెలో. నిన్నటి పుల్లపెరుగు 240 గ్రాములు, కరిగించి చల్లార్చిన వెన్న 100 గ్రాములు, ఇవి ఇంకో గిన్నెలో. పప్పులో ఉప్పు చేత్తో వేసే మనమే ఇక్కడ తక్కెడ పట్టాలి. సోడా కాస్త ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. పెరుగు పులుపే సోడాతో కలిసి గాలి బుడగలు పుట్టిస్తుంది, గుడ్డు చేసే పొంగించే పని అదే చూసుకుంటుంది. అందుకే తాజా కమ్మటి పెరుగు దీనికి పనికిరాదు. చలికాలం ఇక్కడ పెరుగు తోడుకోవడమే కష్టం కాబట్టి, మఫిన్ చేద్దామనుకుంటే రెండ్రోజుల ముందే తోడేసి, గిన్నెని పాత శాలువాలో చుట్టి పెట్టండి.

రెండు గిన్నెలూ కలిపేటప్పుడు ఇడ్లీ పిండిలా గిలకొట్టాలని చేయి లాగుతుంది. ఆపండి. గరిటెతో అడుగు నుంచి పైకి పది పన్నెండుసార్లు తిప్పి వదిలేయాలి. ఉండలు కనబడతాయి, పొడిపిండి చారలు లీలగా కనబడతాయి, అలాగే ఉండనివ్వండి. ఎక్కువ కలిపితే మైదాలో గ్లూటెన్ సాగి, మఫిన్ లోపల సొరంగాలు పడి, నమిలితే రొట్టెలా సాగుతుంది. ఈ పని పిల్లలకి అప్పజెప్పండి. సరిగ్గా కాకముందే ఆపేయడం వాళ్లకి ఇంకెవరూ నేర్పరు.

పెద్ద ఓవెన్ కొనకండి. మామూలు 6 యాంపియర్ల ప్లగ్గు 1,380 వాట్లు దాటితే భరించదు. 2,000 వాట్ల ఓవెన్ దానికి పెడితే ప్లగ్గు కాలుతుంది. వెయ్యి వాట్ల లోపు చిన్న ఓటీజీ చాలు. ముందు పది నిమిషాలు వేడెక్కించి, 180 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు. మొదటి పావుగంట తలుపు తీయొద్దు, పొంగినది కుంగిపోతుంది. అచ్చులు లేకపోతే చిన్న స్టీలు గిన్నెలకి వెన్న రాసి పిండి చల్లండి. ఈ లెక్కకి పది మఫిన్లు వస్తాయి, చిన్న ఓవెన్‌లో అన్నీ ఒకేసారి పట్టవు. కాబట్టి పొడివీ తడివీ సగం సగం చేసుకుని, మొదటి వాయి బయటికి తీశాకే రెండో సగం కలపండి. కలిపిన పిండి ఊరికే కూర్చుంటే సోడా పొంగంతా గిన్నెలోనే అయిపోతుంది.

ఎప్పుడు చేయాలంటే, ఏమీ లేని మంగళవారం నాడు. టెస్టులో మార్కులు వచ్చాయని చేయకండి, రాలేదని ఓదార్చడానికీ చేయకండి. ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను. తల్లి చేతి తీపి ఫలితాన్ని బట్టి వస్తుందని ఒక్కసారి పిల్లలకి తెలిస్తే, తర్వాత ఖాళీ ప్లేటు కూడా వాళ్లకి మార్కుల కాగితంలా కనిపిస్తుంది. యూపీఎస్సీ ఫలితాల పీడీఎఫ్ వచ్చిన రోజు ఇంట్లో పప్పుచారు, బంగాళదుంప వేపుడు చేయండి. నెంబరు ఉన్నా అదే, లేకపోయినా అదే. నెంబరు ఉంటే పాయసం మరునాడు, తలుపు వేసుకుని. 2023 సివిల్స్‌కి ప్రిలిమ్స్ రాసినవాళ్లు 5 లక్షల 92 వేల పైచిలుకు, చివరికి ఎంపికైనవాళ్లు 1,016 మంది. మన ఇంట్లో నెంబరు ఉన్న రోజున కూడా పై అంతస్తులో, కింది అంతస్తులో లేనివాళ్లే ఎక్కువ. నేతిలో జీడిపప్పు వేగే వాసన ఆ సందులోంచి వాళ్ల గదుల్లోకి వెళ్లకూడదు. వాళ్లలో ఒకరిద్దరిని ఆ రాత్రి భోజనానికి పిలవండి. పప్పుచారు కాబట్టి పిలవగలరు, వాళ్లూ రాగలరు.

పరీక్ష నాడు కొత్తగా ఏమీ చేయొద్దు. ప్రిలిమ్స్ మే నెలాఖరులోనో జూన్‌లోనో, ఎండ మండిపోయే రోజుల్లో వస్తుంది. పొద్దున పేపరు 11.30కి అయిపోతుంది, రెండోది 2.30కి మొదలవుతుంది. మధ్యలో తినడానికి దద్ధ్యోజనమే సరైనది. అన్నం మెత్తగా వండి, మెదిపి, పూర్తిగా చల్లారాక కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, పెరుగు రెండు చెంచాలే కలపండి. ఆ ఎండ వేడికి దారిలో తోడుకుంటూ మధ్యాహ్నానికి కమ్మగా తయారవుతుంది. పెరుగే ఎక్కువ వేస్తే ఆ వేళకి నోట్లో పెట్టుకోలేనంత పులుస్తుంది. అల్లం, కరివేపాకు పోపు సరే. ఆవకాయ మాత్రం ఎంత బతిమాలినా డబ్బాలో పెట్టకండి. వేలికి అంటిన నూనె ఎంత తుడిచినా పోదు, రెండో పేపరు ఓఎంఆర్ షీటు మీద మరక పడుతుంది. వేయించిన ఊరమిరపకాయలు రెండు, విడిగా కాగితంలో చుట్టి ఇవ్వండి.