ఇల్లాలి చేతికి మట్టి అంటిందని ఫిర్యాదు

కొరియా ప్రసార ప్రమాణాల సంఘం అధ్యక్షులవారి దివ్యసముఖానికి,
సియోల్.

అయ్యా,

హైదరాబాదు నుంచి ఒక నిత్య సీరియల్ ప్రేక్షకురాలు సవినయంగా చేసుకునే విన్నపం ఏమనగా,

2020 మార్చి 27న మీ జేటీబీసీ చానెల్లో మొదలై, మే 16కల్లా ముగిసిపోయిన ‘ద వరల్డ్ ఆఫ్ ద మ్యారీడ్’ మీద నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. మొత్తం పదహారు ఎపిసోడ్లు. పదహారంటే మా దగ్గర పెళ్లిచూపులు కూడా పూర్తికావు. మా ‘కార్తీక దీపం’ 2017లో మొదలై 2023 దాకా నడిచింది. అందులో డాక్టర్ బాబు తన పెళ్లాం దీపని ఉత్తపుణ్యాన అనుమానించాడు. ఆవిడ వంటలక్కై పిల్లల్ని పెంచుకుంది. నిజం అతని చెవిన పడబోయేసరికి ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవారు. ఒక్క డీఎన్ఏ పరీక్ష కోసం రెండు తెలుగు రాష్ట్రాలూ కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాయి.

మీ కథలోనూ డాక్టరుంది. కాకపోతే ఇక్కడ డాక్టరు పెళ్లాం, పేరు జి సన్-ఊ. వేసింది కిమ్ హీ-ఏ. అనుమానించేది ఆవిడే, పైగా ఆ అనుమానం నిజం. చలిగా ఉందని మొగుడు లీ టే-ఓ తన మఫ్లర్ తీసి ఆవిడ మెడకి చుడతాడు. ఎంత ముద్దుగా చుడతాడో! ఆ మఫ్లర్‌కి అంటుకుని ఒక పొడుగాటి వెంట్రుక, ఆవిడది కాదు. తర్వాత అతని కోటు జేబులో పెదాలకి రాసుకునే బామ్ దొరుకుతుంది. చివరికి అతని పుట్టినరోజు విందు జరుగుతుండగా కారు డిక్కీలో రెండో ఫోను దొరుకుతుంది. అందులో మొగుడూ, ఆ వెంట్రుక తాలూకు అమ్మాయీ కలిసి ఊళ్లు తిరిగిన ఫొటోలు. వాళ్ల పక్కన పళ్లికిలిస్తూ నిలబడ్డది ఎవరనుకున్నారు? తన ఆస్పత్రిలో పనిచేసే స్నేహితురాలు, పక్కింటి మొగుడూ పెళ్లాలు. ఊళ్లో అందరికీ తెలుసు, ఆవిడకి తప్ప.

ఇదంతా మొదటి ఎపిసోడ్‌లోనే! ఇంత జరిగినా చేతిలో పళ్లెం జారిపడలేదు. ఉరుము ఉరమలేదు. కెమెరా ఆవిడ ముఖం మీదికి మూడుసార్లు దూకలేదు. దర్శకుడు మో వాన్-ఇల్ గారికి మా దగ్గర నెల్లాళ్లు శిక్షణ ఇప్పించగలరని మనవి.

అసలు అభ్యంతరం ముందుంది. మోసపోయిన ఇల్లాలంటే పూజగదిలోకి పోవాలి, దీపం వెలిగించాలి, కళ్లు తుడుచుకోవాలి. ఈవిడేం చేసింది? నిద్రమాత్రల కోసం వచ్చే పేషెంటుకి ఆ మాత్రలే ఎర చూపి మొగుడి వెనక నిఘాకి పెట్టింది. పక్కింటాయన ఆడిటరు, మొగుడి లెక్కలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. అవి రాబట్టడానికి ఆయనతోనే హోటల్ గదికి వెళ్లింది. ఆ అమ్మాయి తల్లిదండ్రుల ఇంటికి భోజనానికి వెళ్లి, బల్ల దగ్గర కూర్చుని, మీ అమ్మాయి నా మొగుడి బిడ్డని మోస్తోందని తీరిగ్గా చెప్పింది. అన్నిటికీ మించి, కొడుకుని తానే ఏదో చేసేసిందని మొగుడు నమ్మేలా మాట్లాడి, తనమీద చెయ్యి చేసుకునేదాకా అతన్ని రెచ్చగొట్టింది. ఆ దెబ్బలే కోర్టులో పనికొచ్చాయి.

ఇప్పుడు నేనెవరి పక్షాన ఏడవాలి?

మా దగ్గర పని పంపకం స్పష్టంగా ఉంటుంది. మంచితనమంతా హీరోయిన్‌ది. తెలివి, కోరిక, కోపం, పథకం, పెద్ద పెద్ద చెవిరింగులు విలన్‌వి. ఒక్కతే ఇద్దరి ఉద్యోగమూ చేస్తే ఇంకో ఆర్టిస్టు పొట్ట కొట్టినట్టు కాదా? అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. మా పిన్ని నాతోపాటే చూసింది. హోటల్ గది దగ్గర ‘ఛీ’ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లెక్కల కాగితాలు బయటపడ్డాక ‘మంచిపని చేసింది’ అంది. కొడుకు జూన్-యంగ్ స్కూల్లో దొంగతనాలకి దిగిన చోట మాత్రం ఏమీ అనలేదు, రిమోట్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒక్క సీరియల్‌లో ప్రేక్షకురాలి అభిప్రాయం మూడుసార్లు మారడం కుటుంబ వ్యవస్థకి మంచిదేనా? వంటలక్కని చూస్తున్నన్నాళ్లూ మా పిన్ని ఒక్కసారీ మాట మార్చలేదు. మార్చే అవసరం దీప రానివ్వలేదు. మచ్చలేనిదానికే మా జాలి, అదీ మచ్చలేనంత కాలమే.

‘మన సంస్కృతిలో ఇలాంటి ఆడది లేదు’ అని ఇక్కడ ఘాటుగా రాద్దామనుకున్నాను. కానీ చలం ‘మైదానం’ నవలలో మొగుణ్ణి వదిలి వెళ్లిన రాజేశ్వరి దాదాపు నూరేళ్లుగా అడ్డం నిలబడి ఉంది. ఆ వాక్యం కొట్టేశాను.

ఇక చట్టం సంగతి. మీ టే-ఓ పట్టుబడ్డాక, ప్రేమలో పడ్డమేం నేరం కాదుగా అని పెళ్లాం మీద అరుస్తాడు. కొరియా అంతా ఆ మాట చెప్పుకుని నవ్వుకుంది. ఆ పెద్దమనిషి ఆరేళ్లు ముందు పుట్టించిన పాత్ర అయితే అంత ధీమాగా అరిచేవాడు కాదు. పెళ్లయినవాళ్ల అక్రమ సంబంధానికి మీ దగ్గర రెండేళ్ల దాకా జైలు ఉండేది. మీ రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని 2015 ఫిబ్రవరి 26న కొట్టేసింది. మాకు భారత శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ ఉండేది, ఐదేళ్ల దాకా శిక్షతో. అయితే అందులో ఒక తమాషా ఉంది. ఫిర్యాదు చేసే హక్కు ఆ పరాయి స్త్రీ మొగుడికే. మోసపోయిన భార్యకి మొగుడి మీద కేసు పెట్టే వీలే లేదు. అంటే జి సన్-ఊ మా దేశంలో పుట్టి ఉంటే ఆ సెక్షన్ ఆవిడకి ఒక్క కాగితం ముక్క కూడా ఇచ్చేది కాదు. 2018 సెప్టెంబర్ 27న మా సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. ఆడిటరుతో హోటల్ గదికి వెళ్లిందని జి సన్-ఊని తిట్టేటప్పుడు, మోసపోయిన భార్యకి కేసు పెట్టే దారి లేదన్న సంగతే నాకు అడ్డొస్తోంది. అటు వెళ్లకపోతే ఇంకెటు వెళ్లమంటారు?

ఒక్క విషయంలో వేళాకోళం పక్కన పెడతాను. ఎనిమిదో ఎపిసోడ్‌లో ముసుగు మనిషి ఇంట్లో జొరబడి ఆవిణ్ణి కొడతాడు. ఆ దృశ్యాన్ని కొట్టేవాడి కళ్లలోంచి చూపించారు, వీడియో గేములాగా. దాన్ని 15 ఏళ్ల పిల్లలూ చూడొచ్చన్నారు. మీ ప్రేక్షకులు మండిపడ్డారు, న్యాయంగానే మండిపడ్డారు. తర్వాత మళ్లీ 19 ఏళ్ల హద్దు పెట్టారు. ఆవిడ చేసిన తప్పులకి అడ్డుపడమని మీకు రాసేవాళ్లు వేలమంది ఉండొచ్చు. ఈ ఒక్క కెమెరా కోణానికి అడ్డుపడి ఉంటే చాలు.

చివరగా నా కోరిక. ఈవిణ్ణి ఆపండి. 2015లో ఇంగ్లండ్‌లో ‘డాక్టర్ ఫాస్టర్’ అనే సీరియల్‌లో పుట్టి, ఫ్రాన్స్, టర్కీ, ఫిలిప్పీన్స్ తిరిగింది. 2019లో ‘అవుట్ ఆఫ్ లవ్’ పేరుతో హిందీలో మా కూనూరు కొండల దాకా వచ్చేసింది. మీ దగ్గరైతే చివరి ఎపిసోడ్ రేటింగ్ 28 శాతం దాటి కేబుల్ డ్రామాల రికార్డులన్నీ తుడిచిపెట్టింది. ఇక తెలుగు సీరియల్‌గా రావడం ఎంతసేపు! వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. హోటల్ గది కలగా తేలుతుంది. నిద్రమాత్రలు అత్తగారి బీపీ మాత్రలవుతాయి. మొగుడికి తలమీద దెబ్బ తగిలి గతం మరిచిపోతాడు, ఆవిడ సేవ చేస్తుంది, మూడు వందల ఎపిసోడ్లు. ఆ అవమానం ఆవిడకి జరగకుండా చూడడం మీ బాధ్యత.

ఇట్లు,
తమ విధేయురాలు

తా.క.: కొడుకు పారిపోయిన ఏడాదికి, ఆఖరి సీన్‌లో, ఎవరో ఇంట్లోకి వచ్చిన అలికిడికి ఆవిడ తలెత్తి చూస్తుంది. వచ్చిందెవరో చూపించకుండా ఆపేశారు. పిల్లాడే అని పిన్ని, మొగుడేనేమో అని నేను. వంద రూపాయల పందెం నడుస్తోంది. మీ దగ్గర ఫైలు ఉంటుంది కాబట్టి, దయచేసి చూసి తెలియజేయగలరు.