ముక్కు దూర్చి చూడు: సటీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

ముక్కు దూర్చి చూడు మూయక నోటిని
కారమెల్లు తోచు కాల్చినట్టు
నాల్క మీద నుంచి నమలిన పిమ్మట
తోలు వాసనొచ్చు తొమ్మిదేండ్ల

అవతారిక: షికాగోలో ఫుల్టన్ మార్కెట్ అని ఒక పేట ఉంది. ఒకప్పుడు మాంసం టోకున అమ్మే గోదాముల పేట. ఇప్పుడు ఆ ఇటుక గోడల మధ్యే ఖరీదైన హోటళ్ళు వెలిశాయి. అక్కడొక మేడమీది గదిలో శనివారం సాయంత్రాలు బోర్బన్ విస్కీ రుచి చూపిస్తూ పాఠం చెబుతారు. నేపర్‌విల్‌లో ఉండే మా అమ్మాయి నా డెబ్బయ్యో పుట్టినరోజుకి రెండు టికెట్లు కొంది. "తాగడానికి కాదు నాన్నా, తెలుసుకోవడానికి" అంది. కారు వద్దనుకుని అల్లుడూ నేనూ మెట్రా రైలెక్కి యూనియన్ స్టేషన్లో దిగాం. మామా అల్లుళ్ళు పక్కపక్కన కూర్చుని మందు పాఠం వినడం మా రోజుల్లో ఎరగం. దారి పొడుగునా ఇద్దరం ఎండల గురించే మాట్లాడుకున్నాం.

ఆచార్యుడికి ముప్పై ఏళ్ళుంటాయి. తోలు ఏప్రన్, మెలితిప్పిన మీసం. మా ముందు పరిచిన కాగితం మీద ఐదు గుండ్రాలు, వాటి మీద ఐదు గ్లాసులు, ప్రతి గ్లాసులో అడుగంటిన పదిహేను మిల్లీలీటర్లు. పక్కన ఉప్పులేని బిస్కత్తులు, ఒక పెన్సిలు. పెన్సిలు దేనికో ఎవరూ చెప్పలేదు. గంటన్నరసేపు ఆయన ఇంగ్లీషులో సెలవిచ్చినదంతా పై నాలుగు పాదాల్లోకి కుదించాను. పద్యం లేందే టీక రాయడం నాకు చేతకాదు. ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో అదే పని.

టీక: ముక్కు అంటే ముక్కే. చూడు అంటే చూడు. ఇలాంటివాటికి అర్థాలు రాసి పేజీలు నింపేవాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు. చిక్కంతా "దూర్చి" దగ్గరే. గ్లెన్‌కెయిర్న్ అనే ఆ గ్లాసు అడుగున బొజ్జగా, మూతి దగ్గర సన్నగా ఉంటుంది. మా వంశపు ముక్కు అందులో సగమే దూరింది. కంగారు పడలేదు. ఘ్రాణేంద్రియం నాసాగ్రంలో ఉంటుందని అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో చెప్పే ఉన్నాడు. కొన దూరితే చాలు.

అన్నంభట్టు పేరు వచ్చింది కనుక ఇక్కడ కాస్త ఆగాలి. ఈయన మన తెలుగువాడు. పిల్లలకి తర్కం నేర్పడానికి రాసిన ఆ చిన్న పుస్తకంలో రుచులు ఆరు అన్నాడు. రంగులు ఏడు అన్నాడు. వాసనల దగ్గరికి వచ్చేసరికి రెండే అన్నాడు: సురభి, అసురభి. మంచి వాసన, చెడ్డ వాసన, అంతే. ఈ పిసినారితనం చూసి నేను విద్యార్థిగా ఉన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. మల్లెకీ మొగలికీ తేడా తెలియదా ఈయనకి అని. ఆ శనివారం మూడో గ్లాసు దగ్గర నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది. అది వేరే సంగతి, మళ్ళీ వస్తాను. అసలు విశేషం ఇది: వాసన పృథివికి మాత్రమే ఉన్న గుణం అంటాడాయన. నీటికి వాసన లేదు. నీళ్ళు వాసన వేశాయంటే అందులో ఎక్కడో మట్టి అంశ కలిసిందన్నమాట. వాసన పట్టే ఇంద్రియం కూడా పార్థివమే. మట్టిని మట్టే గుర్తుపడుతుంది. ఇప్పుడు బోర్బన్ సంగతి చూడండి. మొక్కజొన్న ప్రధానంగా ధాన్యం పులియబెట్టి బట్టీ పెడితే దిగే సారా నీళ్ళలా తెల్లగా ఉంటుంది. దాన్ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో పోసి ఏళ్ళ తరబడి ఉంచుతారు. ఆ రంగంతా కర్రదే. వెనిలా వాసన ఉత్తుత్తి ఊహ కాదు, ఓక్ కర్రలోని లిగ్నిన్ విడిపోతే వెనిలిన్ పుడుతుంది. కర్రలోని చక్కెరలు మాడితే పాకం వాసన. అంటే వాసన ద్రవానిది కాదు, భూమిలోంచి మొలిచిన చెట్టుది! అన్నంభట్టుకి పీపా చూపించి ఉంటే "నేను చెప్పలేదా" అనేవాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే పక్కన అల్లుడున్నాడని కూడా మరిచిపోయి బల్ల మీద చరిచాను. "ఏమైంది మామయ్యగారూ?" అన్నాడు పాపం.

అన్నట్టు, మనువు సురని మూడు రకాలు చేశాడు: బెల్లంతో గౌడి, పిండితో పైష్టి, ఇప్పపూలతో మాధ్వి. ధాన్యపు సరుకు కనుక బోర్బన్ పైష్టి జాతి. ఇది టిక్కెట్టు ధరలో చేరని జ్ఞానం.

ఎక్కడున్నాం? కారమెల్లు. ఇక్కడ పాఠాంతరం ఉంది. "కారమెల్ల తోచు" అని చదివితే కారము + ఎల్ల, అంతా కారమే తోస్తుందని అర్థం. పీపాలో పోసేటప్పుడు ఆల్కహాలు 62.5 శాతానికి మించకూడదు, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు అని అమెరికా చట్టం. ఆ మధ్యలో ఎక్కడున్నా నా గొంతుకి పాఠాంతరమే గ్రాహ్యం.

కాల్చినట్టు: చట్టం మాట వచ్చింది కనుక చెబుతున్నాను, ఆ సాయంత్రం మొత్తం మీద నాకు నచ్చింది అదే. ధాన్యంలో మొక్కజొన్న 51 శాతానికి తగ్గకూడదు. బట్టీలో ఆల్కహాలు 80 శాతం దాటకూడదు. పీపా కొత్తది కావాలి, కాల్చింది కావాలి. నీళ్ళు తప్ప రంగూ రుచీ ఏదీ కలపకూడదు. అచ్చం గణాలూ యతీ చెప్పినట్టు ఉంది లక్షణం! అలాంటి లక్షణాన్ని పట్టుకుని ఆచార్యుడు "కెంటకీలో చేస్తేనే బోర్బన్" అన్నాడు. ఇది అవ్యాప్తి దోషం. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని దేశపు ప్రత్యేక ఉత్పత్తిగా గుర్తించింది, ఒక్క రాష్ట్రపు సొత్తుగా కాదు. ఆ దేశంలో ఎక్కడ చేసినా బోర్బనే.

దోషం పోనివ్వండి. నా గొడవ అది కాదు. రంగూ రుచీ కలపకూడదన్న నిషేధం సీసాకే ఉంది, వ్యాఖ్యాతకి లేదు. గ్లాసు ముక్కు దాకా రాకముందే ఆయన కలిపేస్తాడు. "ఇందులో బటర్‌స్కాచ్ వస్తుంది, వెనక చెర్రీ, చివర తోలు" అంటాడు. పద్నాలుగు తలలు ఊగుతాయి. ఉల్లేఖమని ఒక అలంకారం ఉంది: ఒకే వస్తువుని పదిమంది పదిరకాలుగా చూడటం. ఈ సభకి తగిన అలంకారం అదొక్కటే. పద్నాలుగు ముక్కులు, పద్నాలుగు బాల్యాలు. అందరికీ ఒకే చెర్రీ ఎలా వచ్చింది?

మూడో గ్లాసు దగ్గర నాకు తాటిబెల్లం వాసన కొట్టింది. సందేహం లేదు. మా గోదావరి గట్టున పొయ్యి మీద పెనం నిండా నీరా కాగి, చివరికి అంచున మాడుతుండగా వచ్చే వాసన, పొగతో సహా. యాభై అయిదేళ్ళయింది ఆ పొయ్యి చూసి. అల్లుడు ఇంగ్లీషులో చెప్పాడు. ఆచార్యుడు గోడమీది వాసనల చక్రం వైపు చూశాడు. అందులో మేపుల్ సిరప్ ఉంది, తేనె ఉంది, తాటిబెల్లం లేదు. "బహుశా మేపుల్ అయి ఉంటుంది" అని నా ముక్కుని దిద్ది నాలుగో గ్లాసుకి వెళ్ళిపోయాడు. ఇక్కడే నాకు అన్నంభట్టు మీద గౌరవం పెరిగింది. ఆయన రెండే పేర్లు పెట్టి, మిగతాదంతా ఎవరి ముక్కుకి వాళ్ళని వదిలేశాడు. మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి కూడా మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసు జోలికి వెళ్ళాడు. ఏప్రన్ కట్టుకునే ముందు ఆ ఒట్టు ఒకటి పెట్టిస్తే బాగుండును.

నాల్క మీద నుంచి: పదవిభాగంలో జాగ్రత్త. "మీదన్ + ఉంచి" అని విడదీస్తే నాలుక మీద పెట్టుకోవాలని. "మీదనుంచి" అని కలిపితే నాలుక మీదుగా జారవిడవాలని. నేను రెండోది చేసి దగ్గాను.

నమలిన: దీన్ని కెంటకీ చూ అంటారు. జిమ్ బీమ్ మనవడు బుకర్ నో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ద్రవాన్ని నమలడమేమిటని తార్కికులు అడుగుతారు. అడగనివ్వండి. అందరం కలిసి నమిలాం, ఎండుగడ్డి ముందు కట్టేసినట్టు.

తోలు: ఆచార్యుడి ఏప్రన్ వాసన కావచ్చునని పూర్వపక్షం. సిద్ధాంతం కూడా అదే.

తొమ్మిదేండ్ల: ఆకాంక్ష తీరలేదు. తొమ్మిదేళ్ళ ఏది? విస్కీయా, తోలా? మూలకర్త సమయం అయిపోయిందని లేచాడు.

తాత్పర్యం: మనిషికి 75 డాలర్లు, ఐదు గ్లాసులు కలిపి 75 మిల్లీలీటర్లు. వెళ్ళదలచినవారికి నా మనవి ఒకటే. ఆయన నోరు తెరవకముందే ఐదు గ్లాసులూ వాసన చూసి, మీకేమనిపించిందో ఆ కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. పెన్సిలు వాళ్ళే ఇస్తారు.