కుక్కుట ప్రవేశ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం:

కంటఁ జూడనిమ్ము కంచె చాటుననుండి
పొడువకుండఁ గొన్ని పొద్దులేగ
కొత్తపిల్లకపుడు కొట్టంబు తెఱువుము
గుంపుతోడ దాని కూర్చి విడుము

టీక: కంచె చాటుననుండి = జాలీ అడ్డంలోంచి; కంటన్ చూడనిమ్ము = కళ్లతో మాత్రమే పలకరించుకోనిమ్ము; పొడువకుండన్ = ముక్కులకు పని తగలకుండా; కొన్ని పొద్దులు ఏగన్ = రెండు మూడు వారాలు గడవగా; అపుడు = ఈకలు నిండి, ఒళ్లు చేశాక; గుంపుతోడన్ = ఈడు పిల్లలతో సహా, ఒంటరిగా కాక.

తాత్పర్యం: కొత్త పిల్లను పాత కోళ్లలో కలపదలచినవాడు ముందు పరిచయం, పిమ్మట ప్రవేశం జరిపించవలెను.

విశేషం: పాత పెట్టలు పిల్లను పొడవడం దుష్టత్వమని లోకం అనుకుంటుంది. కవి మతం అది కాదు. నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరప్ ఎబ్బె 1922లో వివరించినట్టు, కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చునో ఒక వరుస ఉంటుంది. ఆ వరుస ఒకదాన్నొకటి గుర్తుపట్టడం మీదే నిలుస్తుంది. ముఖం తెలియని పిల్లకు అందులో స్థానం లేదు. స్థానం తేల్చే పంచాయతీ ముక్కులతోనే జరుగుతుంది. ఆ పంచాయతీకి తట్టుకునే ఒళ్లు పిల్లకు రావాలి, తీవ్రత తగ్గే పరిచయం పెట్టలకు కలగాలి. జాలీ ఈ రెంటికీ గడువిస్తుంది. గుంపుగా విడిస్తే పొడుపులన్నీ ఒక్కదాని నెత్తినే పడవు.

పూర్వపక్షం: రాత్రి గూట్లో దూర్చేస్తే తెల్లారేసరికి కలిసిపోవా? చీకట్లో కోడికి చూపు ఆనదు గనుక తగవు వాయిదా పడుతుందే గాని కొట్టుబడిపోదు. మరి నాటుపెట్ట పసిపిల్లలనే పెరడంతా తిప్పడం లేదా? తిప్పుతుంది; అక్కడ కంచె పని తల్లే చేస్తుంది. యంత్రంలో పొదిగిన పిల్లకు ఆ అండ లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా పిల్లలనూ తొలి ఆరు వారాలు విడిగా పెంచాకే పెరట్లోకి వదులుతారు. కలిపాక ఒకే దాణా చాలదా అంటే, గుడ్లకోళ్ల దాణాలో కాల్షియం సుమారు 3.5 నుంచి 4 శాతం. పిల్లకు 1 శాతం చాలు, మించితే మూత్రపిండాలు చెడతాయి. అందరికీ పిల్లల దాణా వేసి, పెట్టలకు ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టడమే మార్గం.

సిద్ధాంతం: ఒకటి రెండు పొడుపులు న్యాయమే, యజమాని జోక్యం కూడదు. నెత్తురు కనబడితే మాత్రం మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. ఆ పిల్లను తక్షణం తీసి మళ్లీ జాలీ వెనక్కి చేర్చవలెను.