కల్లు లొట్టి ఆత్మకథ

లొట్టి అంటే తాటిగెలకు కట్టే చిన్న మట్టి కుండ. ఈ ఆత్మకథకు కర్త కూడా అదే గనుక, ఇందులో లొట్టి అన్నచోటల్లా చెబుతున్నది తన సంగతే. పుట్టింది కుమ్మరి సారె మీద, కాలింది ఆవంలో. కాపురం దివిసీమలో, పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ పాయల నడుమ, పొలం గట్టు మీది తాడిచెట్టు. మూతి ఇరుకు కాబట్టి చెత్తాచెదారం తక్కువ పడుతుంది. మెడ సన్నం కాబట్టి తాడు జారదు.

తాటికల్లు ముమ్మరంగా వచ్చేది చలి తగ్గి ఎండలు ముదిరే నెలల్లో. గీత కార్మికుడు మోకు బిగించి, కాళ్లకు బంధం వేసుకుని, కత్తులున్న ముస్తాదుతో చెట్టెక్కుతాడు. మగచెట్టయితే పూగెలలు నాలుగింటిని కలిపి కట్టి, కొసను ఉల్లిపొర మందాన చెక్కుతాడు. మందంగా చెక్కితే గెల తొందరగా అరిగిపోతుంది. చెక్కకుండా వదిలేస్తే కోత ఎండిపోయి ధార ఆగుతుంది. అందుకే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కక తప్పదు.

కోత నుంచి చుక్కలుగా కారే రసం తియ్యగా ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే అది పులవదు. నీరాగా తాగుతారు, కాచి తాటిబెల్లం వండుతారు. సున్నం లేని లొట్టిలో పులియడం చెట్టు మీదే మొదలవుతుంది. ఎంత కడిగినా మట్టి రంధ్రాల్లో నిన్నటి ఈస్టు మిగిలే ఉంటుంది. అది చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. మూతి దగ్గర పొంగే తెల్లటి నురగ ఆ వాయువు పనే. కొద్ది గంటల్లో ఆల్కహాలు 4, 5 శాతానికి చేరుతుంది. ఆ తర్వాత బాక్టీరియా చేరి పులుపెక్కిస్తుంది. తెల్లవారి దించిన కల్లు తియ్యన, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి తాగలేనంత పులుపు.

నిలవ ఉండని సరుకు కాబట్టే కల్లుపాక చెట్లకు దగ్గర్లో వెలుస్తుంది, పొద్దుగూకేసరికి బేరం ముగుస్తుంది. సాయంత్రం లొట్టిలోని కల్లు గుడ్డలో వడగట్టి పెద్ద కుండలో పోస్తారు. అక్కడి నుంచి తాటాకు దొన్నెలోకి. తాగేవాడు ముందు నురగను ఊది, తేలుతున్న చీమను వేలితో తీసేసి, అంచుకు నోరు పెడతాడు. నంజుడుకు కాల్చిన ఉప్పుచేప, ఎండు రొయ్యలు, శనగ గుగ్గిళ్లు. వచ్చేది ఎక్కువగా పొలం కూలీలు, చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు గనుక, పెద్దమనుషులు పాకకు రారు. చెంబు పంపి తెప్పించుకుంటారు.

చీకటి పడ్డాక అవనిగడ్డ, గుడివాడ, మచిలీపట్నం బార్ల వంతు. లొట్టి అక్కడికి వెళ్లదు. పాకలో మొదలుపెట్టి బండి మీద టౌనుకు పోయినవాళ్లు మర్నాడు చెప్పుకునే మాటలే దానికి ఆధారం. అక్కడ ఏసీ గది, చికెన్ 65, రొయ్యల వేపుడు, లెక్కగా కొలత: పెగ్గు 60 మిల్లీలీటర్లు, క్వార్టరు 180, పెద్ద బీరు సీసా 650. బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాలు 42.8 శాతం. నెలల కిందట నింపిన సీసా అయినా రుచి మారదు, ఎంత దూరమైనా పోతుంది. పాకలో కల్లు అయిపోతే లేవాల్సిందే. బార్లో జేబు ఖాళీ అయితేనో, షట్టరు దించితేనో లేస్తారు.

ఈ తీరంలో బట్టీ సారాకు పాత చరిత్రే ఉంది. ఇంగ్లిషు కంపెనీ మచిలీపట్నంలో 1611లో వర్తక స్థావరం పెట్టింది. ఇంగ్లిషు రాతల్లో ‘పంచ్’ అనే పానీయం ప్రస్తావన మొదట దొరికేది 1632లో పెద్దపల్లి, అంటే నేటి నిజాంపట్నం, స్థావరంలోని వర్తకుడికి వచ్చిన ఉత్తరంలో. సారా, నిమ్మరసం, చక్కెర, మసాలా, నీళ్లు కలిపితే పంచ్.

తర్వాతి కథ చట్టాలది. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చి గీత కార్మికుల బతుకుతెరువు పోయింది. గౌతు లచ్చన్న వాళ్ల పక్షాన ఉద్యమించారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధం వివాదం మీదే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు ప్రభుత్వం 1980లలో ‘వారుణి వాహిని’ పేరిట సారా పొట్లాలు సరఫరా చేసింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలెట్టిన పోరాటంతో 1993లో సారాను నిషేధించారు. మళ్లీ అధికారంలోకి వచ్చిన రామారావు 1995 జనవరిలో మద్యనిషేధం తెచ్చారు. 1997లో తర్వాతి ప్రభుత్వం దాన్ని సడలించింది. మద్యం దుకాణాలను 2019లో ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. 2024లో తిరిగి ప్రైవేటు వాళ్లకిచ్చింది. సీలు వేసి, లెక్కపెట్టి, పన్ను వసూలు చేయడానికి సీసా అనువైనంతగా లొట్టి అనువు కాదు. అందుకే ఖజానా చూపు ఎప్పుడూ సీసా మీదే.

లొట్టికి ఆయుర్దాయం తక్కువ. గాలికి మట్టకు కొట్టుకుని బీటలు వారుతుంది, తాడు తెగితే నేల మీద పెంకులవుతుంది. దాని స్థానంలోకి ప్లాస్టిక్ డబ్బాలు వస్తున్నాయి: తేలిక, పగలవు. అయితే మట్టిలోంచి చెమ్మ ఊరి ఆవిరైనంత కాలం లోపలి కల్లు చల్లగా ఉంటుంది, నెమ్మదిగా పులుస్తుంది. ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు.