తాలు పట్టే కన్ను

గుంటూరు మిర్చి యార్డులో కాయ విరిచి, తేమ తేల్చి, తాలు ఎంతుందో చూస్తేగాని ధర పలకదు. అక్కడ అంత నిక్కచ్చిగా ఉండే పెద్దమనిషి కూడా పేరున్న చిత్రకారుడి ఇంటికి కొత్త బొమ్మలు చూడ్డానికి వెళితే, బొమ్మకు వీపు పెట్టి సెల్ఫీ దిగి ‘ఇదెంత పలుకుతుందండీ’ అంటాడు. మెట్టపొలాల మధ్య కళ ఎవరిక్కావాలి, అదంతా పట్నాల సరదా అంటారు కొందరు. దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి పట్నమేమీ కాదే! కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర గడిపి వచ్చిన సంజీవదేవ్ (1914–1999) ఆ సొంతూళ్లోనే ఉండి ప్రకృతి చిత్రాలు వేశారు. కవులూ కళాకారులూ ఆయన్ను వెతుక్కుంటూ ఆ ఊరే వెళ్లేవారు.

మిర్చికైతే గ్రేడుంది, బొమ్మకేముంది, మాకేం తెలుస్తుంది అనేది ఇంకో వాదన. కొంత నిజమే. బొమ్మను విరిచి చూడలేం (చూస్తామన్నా చిత్రకారుడు ఊరుకోడు). కానీ తాలును పట్టడం మాత్రం ఎవరికి పుట్టుకతో వచ్చింది? బస్తాలకు బస్తాలు చూస్తే వచ్చింది. కల్లంలో ఆరబోసిన ఒక్కో ఎరుపుకూ ఒక్కో రేటు కట్టే కంటికి, కాగితం మీది ఎరుపు ముందు పది నిమిషాలు నిలబడటం కష్టమా? కష్టమే మరి, అక్కడ కమీషన్ రాదు.