స్తంభాల మావయ్య

మనుషులు కనిపిస్తే గోత్రం అడిగేవాళ్లుంటారు. మా మావయ్య కట్టడాల గోత్రం అడుగుతాడు. రిటైరయ్యాక అందరికీ మోకాళ్ల నొప్పులొస్తే ఈయనకి స్తంభాల పిచ్చి పట్టింది.

మొన్న మా అబ్బాయికి పాత పుస్తకాలు కొనడానికి కోఠీ వెళ్తూ, బుద్ధి తక్కువై ఆయన్ని కూడా తీసుకెళ్లాను. పుస్తకం బేరం సగంలో ఉండగానే చెయ్యి పట్టుకుని, "ఐదు నిమిషాలురా" అంటూ మహిళా కాలేజీ లోపలికి లాక్కెళ్లాడు. అది 1803లో మొదలైన బ్రిటిష్ రెసిడెన్సీ. ఆ కాలేజీ ఇప్పుడు విశ్వవిద్యాలయమైందనుకోండి, మావయ్యకి అదంతా అనవసరం. ఆయన చూపు స్తంభాల తలకాయల మీదే.

"తల బోడిగా ఉంటే డోరిక్. పొట్టేలు కొమ్ముల్లా చుట్టుకుంటే అయోనిక్. ఇదిగో, ఇలా ఆకులు దోపుకుంటే కోరింథియన్!"

"తోటకూర కట్టలా ఉంది మావయ్యా."

ఆ తర్వాత పది నిమిషాలు నాతో మాట్లాడలేదు. అవే ఆ రోజు నాకు దక్కిన విశ్రాంతి.

ఈ భవనం గురించి ఒక కథ చెప్పుకుంటారు. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ పెద్ద ప్లాను పరిచి చూపిస్తే నిజాం కుదరదన్నాడట. అదే ప్లాను చిన్న కార్డు మీద గీయించి తీసుకెళ్తే సరేనన్నాడట. మావయ్య ఐదు నిమిషాలు కూడా అలాంటి కార్డేనని నాకు మూడో గంటలో అర్థమైంది.

బొంబాయిలో ఇంకా ఘోరం. 1888లో పూర్తయిన విక్టోరియా టెర్మినస్‌లో కోసు ఆర్చీలు లెక్కపెడుతూ నిలబడి, ఎక్కాల్సిన రైలు వదిలేశాడు. "పోతే పోయింది, విక్టోరియన్ గోథిక్!" అన్నాడట. సామాన్ల మధ్య కూర్చున్న అత్తయ్య ఏమందో ఆయన ఇంతవరకూ చెప్పలేదు.

ఆయన దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. గుమ్మటం ఒక తీరుగా, కిటికీ మరో తీరుగా ఉండి ఏమీ తేలకపోతే "ఇండో-సారసెనిక్" అనేస్తాడు. 1892 నాటి మద్రాసు హైకోర్టుకి ఆ మాట నిజంగానే చెల్లుతుంది. మా వీధి చివర పెట్రోల్ బంకుకి కూడా చెల్లుతుందంటేనే నాకు అనుమానం.

సాయంత్రం ఇంటికి చేరగానే అత్తయ్య ఎదురొచ్చింది. "ఊళ్లో గోడలన్నీ చూసొచ్చారుగా, మన బాత్రూం గోడ వారం నుంచి కారుతోంది. అదీ చూడండి."

మావయ్య కళ్లజోడు సర్దుకుని వంగి, చెమ్మ మరక అంచు వెంబడి వేలు పోనిచ్చాడు.

"పైన కోసుగా తేలింది చూశావా? గోథిక్!"