రివైజ్డ్ ఎస్టిమేట్ మావయ్య

అండమాన్ వెళ్లాలనుకునేవాళ్లకు కాకినాడలో ఒక ఆఫీసుంది. దానికి బోర్డు లేదు, ఫీజు లేదు, సెలవూ లేదు. మేడమీద వరండాలో పడక్కుర్చీ, పక్కన స్టూలు మీద లాప్‌టాప్, గోడకి బంగాళాఖాతం మ్యాపు, కుర్చీలో మావయ్య. చుట్టాలకే కాదు, చుట్టాల చుట్టాలకీ, కింది వాటాలో అద్దెకున్నవాళ్లకీ కూడా ఆయన మావయ్యే. పోర్ట్ బ్లెయిర్ ఎలా వెళ్లాలి, ఏ బజారుకి దగ్గర్లో దిగాలి, ఏ వారం ఏది మూసి ఉంటుంది, ఏ జెట్టీ నుంచి ఏ పడవ కదులుతుంది, అన్నీ ఆయనకు నాలుక చివర ఉంటాయి. వెళ్లడం ఒక్కటే ఇంకా కుదరలేదు.

ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ శాఖలో పనిచేసినవాళ్లకు శంకుస్థాపనకీ ప్రారంభోత్సవానికీ మధ్య ఎన్నేళ్లు గడిచినా కంగారు పుట్టదు. ముందు ఎస్టిమేటు, తరవాత రివైజ్డ్ ఎస్టిమేటు, ధరలు పెరిగాయి కాబట్టి మళ్లీ ఎస్టిమేటు. అండమాన్ ప్రయాణం కూడా ఈ పద్ధతిలోనే నడుస్తోంది. ఎక్సెల్ షీటులో పచ్చరంగు అంటే ఖాయం, పసుపు అంటే విచారణలో ఉంది, ఎరుపు అంటే కొట్టివేత. షీటంతా పసుపే. పచ్చగా కనిపించేది ఒక్క గడి, అందులో ‘మందుల డబ్బా’ అని ఉంటుంది.

మొదటి పేచీ నెలతో. జనవరిలో సంక్రాంతికి అల్లుళ్లొస్తారు, ఇల్లు వదలకూడదు. ఫిబ్రవరి బ్రహ్మాండమైన నెల, సముద్రం అద్దంలా ఉంటుంది; అందుకే హోటళ్లవాళ్లు రేట్లు పెంచేస్తారట, వాళ్ల ఆట మనం సాగనివ్వకూడదు. మార్చిలో మనవల పరీక్షలు. ఏప్రిల్లో ఆవకాయ. మే మూడోవారం వచ్చేసరికి అక్కడ నైరుతి దిగుతుంది. ఆ ద్వీపాలకు నైరుతీ ఈశాన్యమూ రెండూ చుట్టాలే. ఏడాదికి దాదాపు మూడువేల మిల్లీమీటర్ల వాన, అంటే కాకినాడ వానకు రెండింతల పైమాట. ఇక అక్టోబరు, నవంబరు సంగతి తెలుగువాడికి ఎవరు చెప్పాలి? రేడియో ఉన్న రోజుల నుంచీ ‘అండమాన్ సముద్రంలో అల్పపీడనం’ అన్న వార్త వింటూనే పెరిగాం కదా. డిసెంబరు బాగుంటుంది కానీ ధనుర్మాసం వచ్చేస్తుంది, అత్తయ్య తెల్లవారుజామున గుడికి వెళ్లాలి. ఇంతకీ అత్తయ్య అలా వెళ్లాలని ఎప్పుడూ అనలేదు.

ఆవిడ ఒకసారి మాత్రం ఒకమాట అంది. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 8న అండమాన్ దాటి, 12న విశాఖపట్నం మీద పడింది. ‘ఆ తుపాను నయమండీ, అక్కణ్ణుంచి బయల్దేరి నాలుగు రోజుల్లో వచ్చేసింది. మీకు ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్లడానికి ముహూర్తం దొరకడంలేదు’ అంది. మావయ్య నొచ్చుకోలేదు. ‘దానికి రిజర్వేషను అక్కర్లేదు కదే’ అని, తుపాను దారిని మ్యాపుమీద పెన్సిలుతో గీసి చూపించారు.

ఆయన ప్లాను వేస్తూండగానే అక్కడి లోకం మారిపోతూ వచ్చింది. 2018 డిసెంబరు 30న ప్రభుత్వం రాస్ ద్వీపానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అనీ, నీల్‌కు షహీద్ ద్వీప్ అనీ, హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ పేర్లు మార్చింది. నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసి సరిగ్గా 75 ఏళ్లు నిండిన రోజు అది. దేశమంతా వార్త చదివి పేజీ తిప్పేసింది. మావయ్య మాత్రం రాత్రి పదకొండున్నర దాకా షీటులో పేర్లు దిద్దుతూ కూచున్నారు. 2021లో మౌంట్ హారియట్ మౌంట్ మణిపూర్ అయింది, మళ్లీ దిద్దారు. 2023 జులైలో విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ తెరిచారు; బయటికొచ్చాక ఆటోలు ఎటుపక్క ఉంటాయో ఆయన గీసుకున్న బొమ్మ చెల్లకుండా పోయింది. చివరికి 2024 సెప్టెంబరులో ఊరి పేరే శ్రీ విజయపురమైంది. ఫైలు పేరు మార్చక తప్పలేదు. నోటికి మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే వస్తుంది. లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో అక్కడ తొలి స్థావరం పెట్టించిన సంగతి, ఏడేళ్లకే రోగాలకు తాళలేక దాన్ని ఎత్తేసిన సంగతి చెప్పి, ‘చూశారా, తొందరపడితే అంతే’ అంటారు.

ఆ మధ్య దాకా పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని అందరికీ చూపించేవారు. దాని వెనకవైపు కొబ్బరిచెట్ల మధ్య కనిపించే కొండా, లైట్‌హౌసూ పోర్ట్ బ్లెయిర్‌వే. ‘జేబులో పెట్టుకు తిరుగుతున్నారు, ఎక్కడిదో ఒక్కడికీ తెలీదు’ అని బాధ. 2019లో కొత్త ఇరవై మీదికి ఎల్లోరా వచ్చేసరికి, రిజర్వు బ్యాంకు తనతో ఒక్కమాటైనా అనకుండా ఆ పని చేసినట్టు రెండురోజులు ముభావంగా ఉన్నారు.

సాకులు కూడా ఒక్కొక్కటే ఊడిపోతూ వచ్చాయి. అక్కడ ఇంటర్నెట్ నత్తనడక, హోటలువాళ్లకు మెయిలు పెడితే జవాబుండదు అనేవారు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున రెండువేల మూడొందల కిలోమీటర్ల కేబుల్ వేసేశారు. జవాబులు రావడం మొదలయ్యాయి. దాంతో మావయ్య ఓడమీద పడ్డారు.

విమానమెక్కితే చెన్నై నుంచి రెండు గంటల చిల్లర. కానీ దీవికి ఓడమీదే వెళ్లాలట, గాల్లో దిగితే దీవి అని ఎలా తెలుస్తుంది? అదీ వైజాగ్ నుంచే వెళ్లాలి, చెన్నై వాళ్లదీ కోల్‌కతా వాళ్లదీ కాదు. సుమారు పన్నెండువందల కిలోమీటర్లు, రెండున్నర రోజులకు అటూ ఇటూగా పడుతుంది. బంకు క్లాసా, క్యాబినా అన్నదానిమీద ఇంట్లో ఒక వేసవి మొత్తం గడిచింది. తీరా తేలిందేమిటంటే, వైజాగ్ నుంచి ఓడ అరుదుగా ఉంటుంది, ఎప్పుడన్నది కొద్దిరోజుల ముందుగానీ తెలియదు, తెలిశాక కూడా మారిపోవచ్చు. ఇంత ప్లాను వేసే మనిషి ఏరికోరి ప్లానే లేని వాహనాన్ని పట్టుకున్నారు. ఇందులో ఏదో లోతుందని ఆయన తమ్ముడికి అనుమానం.

అలాగని ఆయన లెక్కలు తీసిపారేసేవి కావు. భారత కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు నలభై నిమిషాలు ముందుంటాడు, గడియారం మాత్రం మనదే. చలికాలంలో అయిదు దాటగానే చీకటి పడిపోతుంది. ‘తొమ్మిదింటికి టిఫిను చేసి బయల్దేరదాం అనుకునేవాడు అక్కడ సగం రోజు పోగొట్టుకుంటాడు’ అని మావయ్య పదేపదే చెప్పేది ఇందుకే. ఆదివారం చాథమ్ సామిల్లుకు సెలవు, సోమవారం సెల్యులార్ జైలుకు సెలవు, కాబట్టి శనివారం సాయంత్రం దిగేవాడంత అమాయకుడు లేడంటారు. జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్ సీసాలు తీసుకువెళ్లనివ్వరని చదివి స్టీలు సీసాలు ముందే కొన్నారు. వాటిలో అత్తయ్య మజ్జిగ పోసి ఫ్రిజ్‌లో పెడుతోంది.

షీటులో ఎరుపు గడి ఒక్కటే ఉంది, బారాటంగ్. సున్నపురాతి గుహలు, మట్టి ఉబికే గుంటలు అన్నీ చదివారు. కానీ రోడ్డుమీద వెళ్తే జారవా తెగవాళ్ల అడవి మధ్యనుంచి వెళ్లాలి. పోలీసు కాన్వాయి, ఎక్కడా ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ‘ఫొటోలు తీయకూడదని రూలు పెట్టాల్సి వచ్చిందంటే మనవాళ్లు ఏం చేశారో ఊహించుకో. వాళ్ల వాకిట్లోంచి బస్సేసుకుని పోయి నేను చూసేదేంటి?’ అన్నారు. ఇన్నేళ్లలో ఆయన ఆలస్యం చేయకుండా తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

వెళ్లొచ్చినవాళ్లకు అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. హనీమూన్‌కు వెళ్లొచ్చిన మేనల్లుణ్ణి కూచోబెట్టి, ‘జైల్లో గదులెన్ని?’ అన్నారు. ‘చాలా ఉన్నాయి మావయ్యా’ అన్నాడు వాడు. ‘చాలా కాదు, 693. 1896లో మొదలెట్టి 1906కి కట్టారు. ఏడు రెక్కలుండేవి, నువ్వు చూసినవెన్ని?’ వాడు పెళ్లాం వంక చూశాడు. ‘మూడు’ అని మావయ్యే చెప్పారు. ‘సరే, మన ఊరాయన పేరు వెతికావా?’ 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడి ఆ జైలుకు వెళ్లిన ప్రతివాది భయంకరాచారి గురించి ఆ ప్రశ్న. రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచి, అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లిన గాం మల్లుదొర గురించి తరవాతి ప్రశ్న. మేనల్లుడి ఫోన్లో స్కూబా డైవింగు వీడియోలు తప్ప మరేం లేవు. మావయ్య వాటిని కూడా చివరిదాకా చూసి, ‘ఈ చేప బాగుంది’ అన్నారు.

నవ్వుకుంటూనే అందరూ ఆ షీటు పట్టుకువెళ్తారు, అదీ విశేషం. వాళ్లలో ఒక్కరూ సోమవారం జైలు గేటు ముందు నిలబడలేదు. ఏ ఆదివారమో పదకొండింటికి అబర్డీన్ జెట్టీ నుంచి ఫోనొస్తుంది: ‘మావయ్యా, హేవ్‌లాక్ పడవ ఇక్కడ లేదంటున్నారు!’ ‘అది ఫీనిక్స్ బే అని బోల్డ్ అక్షరాల్లో పెట్టానురా. ఆటో ఎక్కు, దగ్గరే.’ చూడని ఊళ్లో ఆయన దారి చెప్తుంటే, వరండాలో ఉన్నవాళ్లకి ఆయన జెట్టీమీదే నిలబడ్డారేమో అనిపిస్తుంది.

మొన్న ఫిబ్రవరిలో అత్తయ్య ఇద్దరు చెల్లెళ్లతో కలిసి విమానమెక్కేసింది. టిక్కెట్లు కొన్నాకే చెప్పింది. మావయ్యకు కోపం రాలేదు, కంగారొచ్చింది. రాత్రికి రాత్రి షీటు ప్రింటు తీసి, చివర్లో హిందీ వాక్యాలు తెలుగు లిపిలో రాసిచ్చారు: జెట్టీ ఎక్కడ, ఎంత తీసుకుంటావు, వానొస్తుందా. అత్తయ్య ఎయిర్‌పోర్టు బయట ఆటో ఎక్కి కూడబలుక్కుంటూ మొదటి వాక్యం చదివింది. ఆటో అతను వెనక్కి తిరిగి, ‘యే ఊరమ్మా మీది?’ అన్నాడు. సోంపేట దగ్గరి మనిషట. 2011 లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో నూటికి 13 మంది తెలుగు మాట్లాడేవాళ్లే. ఆ అంకె షీటులోనే ఉంది, రెండో పేజీలో. హిందీ వాక్యాలు ఏడో పేజీలో. రెండూ రాసింది ఆయనే.

తిరిగొచ్చిన సాయంత్రమే విచారణ జరిగింది. గదుల లెక్క అడగబోతే అత్తయ్య చెయ్యెత్తి ఆపి, ఫోన్లో ఒక ఫొటో తీసి చూపించింది. జైల్లో ఖైదీల పేర్లు చెక్కిన పలక. మావయ్య కళ్లద్దాలు పైకి నెట్టుకుని దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, పక్కకు జరిపి ఎంతసేపు చూశారో! ‘బాగానే తీశావే. వెలుగు చాలలేదు, మూడింటికి వెళ్లుంటావు’ అన్నారు. నిజంగానే మూడింటికి వెళ్లింది.

కాఫీ ఇస్తూ అత్తయ్య మెల్లిగా అంది, ‘అంత దూరం మీవల్ల కాదు కానీ, మన బీచ్‌లో నిలబడితే కనబడే హోప్ ఐలాండుకైనా ఒకసారి తీసుకెళ్లండి. పడవలో ఎంతసేపని.’

మావయ్య లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. ‘దానికి ముందు పోటూ పాటూ చూసుకోవాలే’ అంటూ కొత్త షీటు తెరిచారు.